టర్బో రెండోసారి పోయింది: బండి ఆపే ముందు ఎంతసేపు ఐడిల్లో ఉంచాలి?

వైరా రోడ్డు:

అందరికీ నమస్కారం. నా దగ్గర 2017లో కొన్న చిన్న డీజిల్ కారు ఉంది. ఉద్యోగరీత్యా నెలకు నాలుగైదు సార్లు ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లి వస్తుంటాను. 1,08,000 కిలోమీటర్ల దగ్గర ఒకరోజు బండి లాగడం తగ్గిపోయి, వెనక నీలి పొగ మొదలై, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా సన్నటి ఈల లాంటి శబ్దం రాసాగింది. గ్యారేజీలో చూపిస్తే టర్బో పోయిందని చెప్పి కొత్త కోర్ (షాఫ్టు, బేరింగులు ఉండే మధ్య భాగం) వేశారు. ఆ ఖర్చు నుంచి తేరుకోకముందే, 4,000 కిలోమీటర్లు తిరిగేసరికి, అదే పొగ, అదే ఈల మళ్లీ వచ్చాయి.

ఈసారి గ్యారేజీ వారు తప్పు నాదేనన్నారు. నేను నార్కెట్‌పల్లి దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడల్లా వంద వేగంతో వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేస్తున్నానని, టర్బో చల్లారే వ్యవధి ఇవ్వనందువల్లే అది మాడిపోయిందని వారి వాదన. నేను అలా ఆపేస్తున్న మాట నిజమే, దాన్ని కాదనను. అయితే మొదటి టర్బో ఇదే అలవాటుతో లక్ష కిలోమీటర్లు దాటి నిలిచినప్పుడు రెండోది 4,000కే ఎందుకు పోయిందన్న నా ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు.

అందుకే అనుభవజ్ఞులను అడుగుతున్నాను. బండి ఆపే ముందు నిజంగా ఎన్ని నిమిషాలు ఐడిల్లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తూ, ఉంచాలి? తాళం తీసినా ఇంజిన్‌ను కొంతసేపు నడిపించే టర్బో టైమర్ పెట్టించుకోవడం మంచిదేనా? విమానాల్లో పైలట్లు ఇంజిన్ ఆపే ముందు తప్పనిసరిగా ఐదు నిమిషాలు ఆగుతారని ఒక మిత్రుడు చెప్పాడు. విమానానికి అవసరమైనది కారుకూ అవసరమే కదా అన్నది అతని తర్కం. ఇందులో ఎంత నిజముంది?

ఆటోనగర్ మేస్త్రీ:

మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాదొక ప్రశ్న. కొత్త కోర్ వేసినప్పుడు దానికి నూనె తెచ్చే సన్నటి పైపును కూడా మార్చారా, లేక పాతదే కడిగి బిగించారా? బిల్లులో చూసి చెప్పండి. విజయవాడలో ముప్పై ఏళ్లుగా నేను విప్పిన టర్బోల్లో, రెండోసారి త్వరగా పోయినవాటిలో ఎక్కువ భాగానికి కారణం ఆ పైపులోనో, దాని చివర బిగించే బాంజో బోల్టు రంధ్రంలోనో దొరికింది.

టర్బో ఎలా చెడిపోతుందో తెలిస్తే ఎవరి తప్పో మీరే తేల్చుకోవచ్చు. టర్బోలో ఒకే షాఫ్టు మీద రెండు చక్రాలు ఉంటాయి. ఒకదాన్ని సైలెన్సర్ వైపు వెళ్లే పొగ తిప్పుతుంది, రెండోది ఇంజిన్‌లోకి గాలిని తోస్తుంది. చిన్న కార్ల టర్బోలో ఈ షాఫ్టు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరగగలదు. ఆ వేగంలో షాఫ్టుకూ బేరింగుకూ నడుమ ఇనుము ఇనుమును తాకకుండా కాపాడేది వెంట్రుక కంటే పలుచని నూనె పొర మాత్రమే. ఆ నూనెకు ఇంకో పని కూడా ఉంది, అది వేడిని మోసుకుపోవాలి. మీ కారు లాంటి చిన్న డీజిల్ బండ్లలో చాలావాటికి టర్బోకు నీటి చల్లదనం ఉండదు. నూనె ప్రవాహమే దానికి దిక్కు.

ఘాట్ ఎక్కి గానీ, వంద వేగంలో గానీ నడిచి వచ్చినప్పుడు పొగ తగిలే వైపు ఇనుప గుల్ల బాగా కాలి ఉంటుంది. మీరు తాళం తిప్పిన క్షణంలో నూనె పంపు ఆగుతుంది కానీ ఆ గుల్లలో నిలవ ఉన్న వేడి ఎక్కడికీ పోదు. అది మెల్లగా మధ్య భాగంలోకి, బేరింగు వైపు పాకుతుంది. అందువల్ల బేరింగు దగ్గరి వేడి ఇంజిన్ నడుస్తున్నప్పటి కంటే ఆపిన కొన్ని నిమిషాల తరువాత పెరుగుతుంది. అక్కడ కదలకుండా నిలిచిపోయిన నూనె మాడి, పెనం అడుగున నల్లగా పేరుకునే జిడ్డులాగా గట్టిపడుతుంది. ఒక్కరోజులో నష్టం తెలియదు. ఏళ్ల తరబడి పొర మీద పొర పేరుకుని, నూనె వచ్చే దారి సన్నబడి, చివరికి బేరింగు ఎండిపోతుంది.

కాబట్టి మీ అలవాటు మంచిది కాదు. అయితే ఆ అలవాటు కొత్త టర్బోను 4,000 కిలోమీటర్లలో చంపదు. పాత టర్బో ఆయుష్షును అది తగ్గించి ఉండవచ్చు. కొత్తదాన్ని చంపింది మాత్రం, నా అనుమానం సరైనదైతే, పాతదాని నుంచి మిగిలిన మసి. దీన్ని తేల్చడానికి దారి ఉంది. పోయిన కోర్ మీ దగ్గరే ఉంటే షాఫ్టును బయటికి తీయించి పగటి వెలుగులో చూడండి. వేడిగా ఆపడం వల్ల పోయినదానిలో నల్లటి గట్టి మసి పొగ వైపు బేరింగు దగ్గరే ఎక్కువగా ఉంటుంది. నూనె అందక పోయినదానిలో షాఫ్టు రెండు బేరింగుల దగ్గరా నీలి రంగుకు తిరిగి ఉంటుంది. నూనెలో చెత్త వల్ల పోయినదానిలో గోటికి తగిలే గీతలు గుండ్రంగా పడి ఉంటాయి.

ఇంకో రెండు అలవాట్ల గురించి చెప్పాలి, ఇవి మన దారుల్లో చాలామందిలో చూస్తున్నాను. ఆపే ముందు ఒక్కసారి గట్టిగా రేస్ చేసి తాళం తీయడం పాత లారీల కాలం నుంచి వచ్చిన అలవాటు. టర్బో ఉన్న బండికి అది చాలా చేటు, ఎందుకంటే షాఫ్టు పూర్తి వేగంలో తిరుగుతుండగా నూనె ఆగిపోతుంది. అలాగే ఘాట్ ఎక్కి దిగేటప్పుడు డీజిల్ ఆదా అని ఇంజిన్ ఆపి జారవిడవడం. బ్రేకులకు, స్టీరింగుకు ఉన్న ప్రమాదం అలా ఉంచితే, ఎక్కడంలో కాగిన టర్బోకు సరిగ్గా అవసరమైన వేళ నూనె లేకుండా చేసినట్టవుతుంది.

హ్యాంగర్ ఇంజనీరు:

మేస్త్రీ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, విమానాల సంగతి మాత్రం నేను చెబుతాను. పిస్టన్ ఇంజిన్ శిక్షణ విమానాల నిర్వహణలో నేను పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. టర్బో ఉన్న రెండు ఇంజిన్ల సెనెకా విమానాల మీద చాలాకాలం పనిచేశాను.

ముందుగా, విమానంలో టర్బో ఎందుకు ఉంటుందో గమనించాలి. 18,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానిలో సగానికి పడిపోతుంది, దానితోపాటే టర్బో లేని ఇంజిన్ శక్తి కూడా. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీదికి, 14,000 అడుగులకు పైగా ఎత్తుకు చేర్చి, టర్బో ఉంటే ఆ ఎత్తులోనూ కింద ఇచ్చిన శక్తినే ఇంజిన్ ఇస్తుందని నిరూపించారు. పైకి పోయే కొద్దీ పలుచని గాలిని కూడగట్టడానికి టర్బో మరింత వేగంగా తిరగాలి, ఆ పలుచని గాలే ఇంజిన్‌ను చల్లబరచడంలో బలహీనంగా ఉంటుంది. అంటే విమానపు టర్బోకు గడ్డు కాలం ఎత్తులో ఉన్నప్పుడు, ముఖ్యంగా ఎక్కేటప్పుడు వస్తుంది. దాన్ని కనిపెట్టి ఉండడానికే పొగ టర్బైనులోకి ప్రవేశించే చోట ఉష్ణోగ్రత చూపే గేజ్ చాలా విమానాల్లో ఉంటుంది. అనేక ఇంజిన్లకు అక్కడి పరిమితి 1,650 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 900 డిగ్రీల సెల్సియస్.

ఇప్పుడు మీ మిత్రుడు చెప్పిన ఐదు నిమిషాల సంగతి. ఆ నియమం నిజంగానే ఉండేది, చాలామంది పైలట్లు ఇప్పటికీ గడియారం చూసి పాటిస్తారు. కానీ ఇంజిన్ మానిటర్లు వచ్చి, ప్రతి కొన్ని క్షణాలకు ఉష్ణోగ్రతలు నమోదు కావడం మొదలయ్యాక, ఆ నియమం మీద గట్టి చర్చ జరిగింది. విమానం దిగడానికి ముందు పది పదిహేను నిమిషాలు తక్కువ శక్తితోనే నడుస్తుంది, ఆ సమయమంతా ఇంజిన్‌ను కప్పి ఉంచే తొడుగు (కౌలింగు) లోకి ఎదురుగాలి ధారాళంగా వస్తుంది. చక్రాలు రన్‌వేను తాకేసరికే టర్బో బాగా చల్లబడి ఉంటుంది. తరువాత విమానాలు నిలిపే ఏప్రన్ మీద ఎదురుగాలి లేకుండా నిలబెట్టి ఐడిల్లో ఉంచితే, ముఖ్యంగా మే నెల ఎండలో, కౌలింగు లోపలి వేడి తగ్గడానికి బదులు మెల్లగా పెరగడాన్ని నేను రికార్డుల్లో చూశాను. అందుకని మేము విమాన తయారీదారు హ్యాండ్‌బుక్‌లో ఎంత వ్యవధి రాసి ఉందో అంత తప్పక పాటిస్తాం కానీ, హ్యాండ్‌బుక్ వేరుగా చెప్పకపోతే టాక్సీ చేసిన, అంటే విమానాన్ని నేల మీద నడిపిన, సమయాన్ని కూడా అందులోనే లెక్కిస్తాం. నేల మీద రన్-అప్ చేసి, ఎక్కువ శక్తి ఇచ్చి చూసిన వెంటనే ఆపాల్సి వస్తే మాత్రం వ్యవధి తప్పనిసరి, ఎందుకంటే అప్పుడు దిగివచ్చే చల్లదనం దానికి దక్కలేదు.

మీ కారుకు ఇందులో పాఠం ఉంటే అది ఇదే: ఆగిన తరువాత ఎన్ని నిమిషాలు అన్నదానికంటే, ఆగే ముందు చివరి మూడు నాలుగు కిలోమీటర్లు ఎలా నడిపారన్నది ముఖ్యం. హోటల్ కనిపించడానికి ముందు నుంచే వేగం తగ్గించి, తేలిక పాదంతో సర్వీసు రోడ్డులోకి దిగి, పార్కింగు చోటు వెతుక్కుంటూ వచ్చారనుకోండి, చల్లబరచాల్సిన పని చాలావరకు దారిలోనే పూర్తయిపోతుంది.

మేస్త్రీ గారు నూనె గురించి రాసినదానికి ఒక మాట చేరుస్తాను. ఫుల్-ఫ్లో ఫిల్టరు (నూనె అంతా దాని గుండా పోయేది) ఉన్న లైకమింగ్ విమాన ఇంజిన్లకు 50 గంటలకు గానీ నాలుగు నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు, నూనె మార్చమని తయారీదారు చెబుతారు. 50 గంటలంటే మీ కారు సగటున గంటకు 60 కిలోమీటర్ల చొప్పున తిరిగితే 3,000 కిలోమీటర్లు. కారుకు అంత తరచుగా అవసరం లేదు, ఇంజిన్ కట్టుబడి వేరు, నూనె వేరు. అయినా నూనె విషయంలో మేము ఎంత జాగ్రత్తగా ఉంటామో ఇది చూపుతుంది. పాత ఫిల్టరును ప్రతిసారీ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, లోహపు రజను ఉందేమో చూస్తాం. కార్ల గ్యారేజీల్లో ఈ పని ఎవరూ చేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఐదు నిమిషాల పనితో బేరింగు అరుగుదల ముందే తెలుస్తుంది.

టర్బోను సైలెన్సర్ పైపుకు కలిపి పట్టి ఉంచే వీ-బ్యాండ్ క్లాంపును కూడా మేము ఎప్పుడూ తేలిగ్గా తీసుకోము. అది తెగితే నిప్పులాంటి పొగ నేరుగా కౌలింగులోకి వస్తుంది. అటువంటి వైఫల్యాల తరువాత 2023లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, స్పాట్ వెల్డింగుతో అతికిన బహుళ ముక్కల క్లాంపులకు 500 గంటల ఆయుష్షు విధిస్తూ ఆదేశం ఇచ్చింది. కార్లకు ఇటువంటి ఆదేశాలు లేవు. అయినా పాత క్లాంపును సాగదీసి మళ్లీ బిగించకుండా కొత్తది అడిగి వేయించుకోండి.

పుణె నుంచి గుంటూరు:

నేను ఇంజిన్ పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఇంజనీరు గారి విశ్లేషణ చాలా బాగుంది కానీ, ఐడిల్లో ఉంచితే వేడి పెరుగుతుందన్న మాట పెట్రోలు విమాన ఇంజిన్‌కు వర్తించినంతగా డీజిల్ కారుకు వర్తించదు. డీజిల్ ఇంజిన్ ఐడిల్లో అవసరానికి మించి ఎంతో గాలిని పీల్చుకుని, కొద్దిపాటి ఇంధనాన్నే మండిస్తుంది. అందువల్ల ఐడిల్లో దాని పొగ ఉష్ణోగ్రత 200 డిగ్రీలకు అటూ ఇటూ, తరచూ అంతకంటే తక్కువగా ఉంటుంది. పూర్తి భారంలో 800 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న టర్బైను మీదికి ఆ పొగ వెళితే అది చల్లటి గాలి వీచినట్టే. పెట్రోలు ఇంజిన్ గాలినీ ఇంధనాన్నీ ఒకే నిష్పత్తిలో మండిస్తుంది కనుక ఐడిల్లోనూ దాని పొగ డీజిల్ కంటే చాలా వేడిగా ఉంటుంది. కాబట్టి డీజిల్ కారులో, గట్టిగా నడిపి వచ్చి అనుకోకుండా ఆగాల్సి వస్తే, ఒకటి రెండు నిమిషాల ఐడిల్ నిజంగా ఉపయోగపడుతుంది. మామూలుగా ఊళ్లో తిరిగి ఇంటికి వచ్చినప్పుడు దాని అవసరమే లేదు.

టర్బో టైమర్ నేను సిఫారసు చేయను. మనిషి లేని బండిలో ఇంజిన్ నడవడం క్షేమం కాదు, పైగా కారు వైరింగును కోసి పెట్టించాల్సి ఉంటుంది. ఇప్పటి పెట్రోలు టర్బో కార్లలో చాలావాటికి బేరింగు గుల్ల చుట్టూ కూలెంట్ తిరిగే దారి ఉంటుంది. ఇంజిన్ ఆగాక అక్కడ వేడెక్కిన ద్రవం తేలికై పైకి పోయి, చల్లటిది కిందికి వచ్చి, పంపు లేకున్నా ప్రవాహం కొంతసేపు సాగుతుంది. కొన్ని కార్లలో దీనికోసం చిన్న ఎలక్ట్రిక్ పంపు కూడా ఉంటుంది. తాళం తీశాక బానెట్ కింద సన్నటి మోటారు శబ్దం విన్నవారు భయపడనక్కర లేదు. భయపడాల్సింది రేడియేటరులో బోరు నీళ్లు పోసినప్పుడు. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీటిలో సున్నం ఎక్కువ. బిందె అడుగున పేరుకునే ఆ తెల్లటి పొరే టర్బో చుట్టూ ఉన్న సన్నటి దారుల్లో పేరుకుంటే టర్బోలోని వేడి కూలెంట్‌లోకి దిగదు, ప్రవాహమూ సాగదు. కూలెంట్ తగ్గితే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోయండి.

టర్బో చల్లదనం గురించి మాట్లాడేటప్పుడు ఇంటర్‌కూలర్‌ను మరచిపోతారు. గాలిని రెండింతల పీడనానికి నొక్కితే అది వేడెక్కుతుంది. బయట 42 డిగ్రీలు ఉన్న రోజున, 70 శాతం సామర్థ్యం గల కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే గాలి లెక్క ప్రకారం 140 డిగ్రీల దాకా ఉంటుంది. దాన్ని మళ్లీ దించేది బంపరు వెనక ఉన్న ఇంటర్‌కూలరే. పత్తి సీజన్‌లో పింజలు, కోతల కాలంలో ఊక దాని రెక్కల మధ్య ఇరుక్కుంటే గాలి వేడిగానే లోపలికి పోతుంది, అప్పుడు పొగ కూడా వేడెక్కి ఆ భారం టర్బో మీదే పడుతుంది. కడిగించేటప్పుడు మాత్రం ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి, రెక్కలు వంగిపోతాయి.

2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లు ఉన్నవారికి ఒక సూచన. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తనలోని మసిని కాల్చుకునే సమయంలో పొగ వేడి బాగా పెరుగుతుంది. ఆగినప్పుడు ఐడిల్ మామూలు కంటే ఎక్కువగా ఉండి, రేడియేటర్ ఫ్యాను పెద్దగా తిరుగుతుంటే ఆ పని జరుగుతోందని అర్థం. వీలైతే అది పూర్తయ్యేదాకా నడపండి. పదేపదే మధ్యలో ఆపేస్తే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది, పలుచనైన నూనె టర్బో బేరింగును కాపాడలేదు.

వైరా రోడ్డు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. బిల్లు చూశాను. కోర్, గ్యాస్కెట్లు, నూనె, ఫిల్టరు ఉన్నాయి, పైపు లేదు. పోయిన రెండో కోర్ ఇంకా గ్యారేజీలోనే ఉంది, రేపు వెళ్లి అడిగి తెచ్చుకుంటాను. కొత్తది బిగించేటప్పుడు ఏమేం గమనించాలో మేస్త్రీ గారు చెబితే మేలు.

ఆటోనగర్ మేస్త్రీ:

నూనె తెచ్చే పైపు, బాంజో బోల్టు, రాగి వాషర్లు కొత్తవి వేయించండి. పైపును కడిగిస్తే చాలదు. లోపలి మసి కొంత కరుగుతుంది, మిగిలింది వదులై, ఇంజిన్ వేడెక్కాక ఊడి నేరుగా బేరింగులోకే వెళుతుంది. ఇంజిన్ అడుగున నూనె నిలిచే చాంబరు దించి స్ట్రెయినర్ జాలీ చూడమనండి. నూనె తిరిగి కిందికి వచ్చే లావు పైపు ఎక్కడా నొక్కుకుపోకుండా, వంపు లేకుండా కిందికి వాలి ఉండాలి, అక్కడ నూనె తన బరువుతోనే జారాలి తప్ప తోసేవారు లేరు. నూనె దారుల దగ్గర గ్యాస్కెట్ పేస్టు అసలు పెట్టనివ్వకండి. బిగించినప్పుడు అదనపు పేస్టు లోపలికి పిండుకుని, ఎండి, ముక్కగా తెగి రంధ్రాన్ని మూసేస్తుంది.

బిగించాక కోర్ రంధ్రంలో కొంచెం శుభ్రమైన నూనె పోసి, షాఫ్టును వేలితో తిప్పమనండి. తరువాత ఇంజెక్టర్ల కనెక్షన్లు తీసి, ఇంజిన్ స్టార్టు కాకుండా సెల్ఫ్ కొట్టించి, కింది పైపు చివర నూనె కనిపించాకే స్టార్టు చేయనివ్వండి. స్టార్టు చేశాక ఐదు నిమిషాలు రేస్ చేయకూడదు. నూనె గ్రేడు మీ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే, మంచి సింథటిక్. రోజూ ఉదయం స్టార్టు చేశాక అర నిమిషం ఆగి కదలండి, ఆపే ముందు ఆగడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

వైరా రోడ్డు:

నిన్న గ్యారేజీకి వెళ్లాను. కోర్ విప్పించాను. షాఫ్టు రెండు బేరింగుల దగ్గరా ముదురు నీలి రంగుకు తిరిగి ఉంది. పొగ వైపు మసి ఉంది కానీ గట్టి పొర లేదు. పాత పైపును అక్కడే హ్యాక్‌సా బ్లేడుతో నిలువునా కోయించాను. వేడి గుల్లకు దగ్గరగా వంపు తిరిగిన చోట, రెండు అంగుళాల మేర, లోపలంతా నల్లటి పెంకు కట్టి, మధ్యలో సైకిలు పుల్ల కూడా దూరనంత సన్నటి సందు మిగిలింది. గోటితో గీకితే పెంకు పెచ్చులుగా రాలింది. బాంజో బోల్టు రంధ్రంలో సగానికి అడ్డంగా బూడిద రంగు పేస్టు ముక్క ఒకటి ఉంది. ఆ రెండింటినీ బల్ల మీద పెట్టి చూపించాక గ్యారేజీ యజమాని కాసేపు మౌనంగా ఉండి, ఈసారి కోర్‌కు మాత్రమే డబ్బు తీసుకుంటానని, పైపు, బోల్టు, కూలీ తనవేనని అన్నారు. నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే మొదటి పైపులో ఆ పెంకు పేరుకోవడంలో నా పాత్ర కూడా ఉంది.

ఈ ఉదయం బిగించేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు కింది పైపు చివర ఏమీ రాలేదు, రెండోసారీ రాలేదు. మూడోసారి ఒక బొట్టు, తరువాత వరసగా సన్నటి ధార వచ్చింది. అప్పుడే ఇంజెక్టర్ల కనెక్షన్లు పెట్టమన్నాను.